పరిచర్య కూడా నేర్చుకోవలసినదే



మే నెల 12వ తేదీ వచ్చిందంటే మన సంఘాలలో చాలా చోట్ల నర్సులను ముందుకు పిలుస్తాము. శాలువా కప్పి, వారి త్యాగాన్ని గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, చప్పట్లు కొట్టి పంపుతాము. అది ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు. 1820లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టింది గనుక ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. రాత్రివేళ దీపం పట్టుకొని గాయపడిన సైనికుల పడకల మధ్య నడిచిన స్త్రీగా ఆమె మనకు తెలుసు. సండేస్కూలు పిల్లలు కూడా ఆ బొమ్మను గుర్తుపడతారు. అయితే ఆ దీపం ఆమె చేతిలో ఉన్నది రెండేళ్ళ కంటే తక్కువే. ఆ తరువాత దశాబ్దాల తరబడి ఆమె చేతిలో ఉన్నది కలము, ఎదుట ఉన్నది లెక్కల కాగితాలు.

ఈ సంగతి ఎందుకు ఎత్తుతున్నానంటే, ప్రేమ ఉంటే చాలు, రోగికి సేవ చేయడం దానంతట అదే వస్తుందని మనలో చాలామంది నమ్ముతారు. నర్సు పని అంటే మంచి మనసు, ఓర్పు, కాస్త చిరునవ్వు, అంతే కదా అంటారు. చరిత్ర చూస్తే సంగతి అలా లేదు. ప్రేమ ఉండి, త్యాగం ఉండి, ప్రార్థన కూడా ఉండి, రోగులు వందల కొలదిగా చనిపోయిన చోట్లు ఉన్నాయి. వాటిలో ఒకటి నైటింగేల్ పనిచేసిన ఆసుపత్రే.

మన భాషలో రోగిని చూసుకోవడానికి "శుశ్రూష" అనే మంచి మాట ఉంది. దాని మూలం సంస్కృతంలో "వినడం" అనే ధాతువు. శుశ్రూష అంటే మొదటి అర్థం వినాలనే కోరిక. గురువు చెప్పేది వినాలని శిష్యుడు కూర్చునేవాడు గనుక అది గురుసేవ అయింది, ఆ తరువాత రోగికి చేసే సేవ అయింది. ఇంకొక మాట "పరిచర్య". దానిని సంఘంలోనూ వాడతాము, ఆసుపత్రిలోనూ వాడతాము. రోమా పత్రిక 16వ అధ్యాయంలో పౌలు ఫీబే అనే సహోదరిని సంఘ పరిచారకురాలిగా పరిచయం చేస్తాడు. ఆ ఒక్క మాటను పట్టుకొని 19వ శతాబ్దంలో ఒక పాస్టరు చేసిన పని నుండే ఈ కథ మొదలుపెట్టాలి.

జర్మనీలో రైన్ నది ఒడ్డున, డ్యూసెల్‌డార్ఫ్ దగ్గర, కైజర్స్‌వెర్త్ అనే చిన్న ఊరు ఉండేది. 1822లో థియొడోర్ ఫ్లీడ్నర్ అనే యువ పాస్టరు అక్కడికి వచ్చాడు. సంఘం చాలా చిన్నది. ఆ ఊరి మిల్లు దివాళా తీయడంతో ఆ కొద్దిమందికి కూడా పాస్టరు జీతం ఇచ్చుకునే శక్తి లేకుండా పోయింది. ఫ్లీడ్నర్ చందాల కోసం హాలండుకు, ఇంగ్లండుకు వెళ్ళాడు. చందాలు దొరికాయి, దానికంటే మించినది కూడా దొరికింది. జైళ్ళలో స్త్రీల మధ్య ఎలిజబెత్ ఫ్రై చేస్తున్న పనిని ఆయన చూశాడు. తిరిగి వచ్చాక 1833లో, జైలు నుండి విడుదలైన ఒక స్త్రీకి తన తోటలోని చిన్న గదిలో చోటిచ్చాడు. మూడేళ్ళకు, అంటే 1836లో, ఆయనా ఆయన భార్య ఫ్రీడరికే కలిసి ఒక ఆసుపత్రిని, పరిచారకురాళ్ళకు శిక్షణ ఇచ్చే ఇంటిని తెరిచారు. "డీకనెస్" అనే పాత బిరుదుకు అక్కడ కొత్త ప్రాణం వచ్చింది. పేరు ఎప్పుడూ ఫ్లీడ్నర్‌దే వినబడుతుంది గాని, ఆ ఇంటిని నడిపినదీ, క్రమాన్ని నేర్పినదీ ఎక్కువగా ఫ్రీడరికే. ఆమె 1842లోనే కన్నుమూసింది. పాస్టరుగారి భార్యలు చేసే పని చరిత్ర పుస్తకాలకు ఎక్కడం ఇప్పటికీ అరుదే, ఆ సంగతి ఇక్కడికి వదిలేద్దాం.

1850లో నైటింగేల్ కైజర్స్‌వెర్త్‌ను చూడటానికి వచ్చింది. 1851లో మూడు నెలలు ఉండి నేర్చుకుంది. ఇంట్లో తల్లికీ అక్కకూ ఇష్టం లేదు. ధనవంతుల ఇంటి అమ్మాయి ఆసుపత్రిలో పనిచేయడమంటే ఆ రోజుల్లో పరువు తక్కువ. ఆసుపత్రి నర్సులంటే చదువు లేనివారు, తాగుబోతులు అనే పేరు ఉండేది. కైజర్స్‌వెర్త్‌లో గడిపిన రోజులు ఆమె జీవితాన్ని మలుపు తిప్పాయని అందరూ రాస్తారు. అది నిజమే. కాని వృద్ధాప్యంలో ఆమె ఆ చోటును గురించి ఒక మాట చెప్పింది, దానిని మనవాళ్ళు సాధారణంగా చెప్పరు. అక్కడ నర్సింగ్ అనేదే లేదని, పరిశుభ్రత ఘోరంగా ఉండేదని ఆమె నిర్మొహమాటంగా రాసింది. అదే చేతితో, అంతకంటే ఉన్నతమైన మనసును, అంతకంటే పవిత్రమైన భక్తిని తాను ఎక్కడా చూడలేదని కూడా రాసింది.

ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. భక్తికి కొదువ లేదు. నర్సింగ్ మాత్రం లేదు. ఒకే ఇంట్లో ఆ రెండూ నిజమే. ఆ పరిచారకురాళ్ళను తక్కువ చేయడానికి ఆమె ఇది రాయలేదు, వారిని ప్రేమించింది గనుకనే రాసింది. అక్కడ నుండి యూరప్ అంతటికీ, ఇతర దేశాలకూ డీకనెస్‌లు వెళ్ళారు, ఎన్నో ఆసుపత్రులు లేచాయి. ఆ మేలును ఎవరూ కాదనలేరు.

ఇప్పుడు యుద్ధం సంగతి. క్రిమియా యుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ ఒకవైపు, రష్యా మరొకవైపు. గాయపడిన, జబ్బుపడిన బ్రిటిష్ సైనికులను ఓడల మీద నల్ల సముద్రం దాటించి, ఇస్తాంబుల్ ఎదుట ఉన్న స్కుటారి బ్యారక్ ఆసుపత్రికి తెచ్చేవారు. 1854 నవంబరు మొదటి వారంలో నైటింగేల్ 38 మంది స్త్రీలతో అక్కడ దిగింది. వారిలో రోమన్ కాథలిక్ కన్యస్త్రీలు, ఆంగ్లికన్ సిస్టర్లు, మామూలు ఆసుపత్రి నర్సులు ఉన్నారు. అక్కడ పడకలు చాలవు, దుప్పట్లు లేవు, ఉతికిన చొక్కా లేదు. ఆమె వంటశాల పెట్టించింది, చాకలి పనికి ఏర్పాటు చేసింది, బ్యాండేజీలు తెప్పించింది, చనిపోయేవారి ఉత్తరాలు రాసి పెట్టింది. రాత్రి దీపంతో తిరిగినది ఆ రోజుల్లోనే.

మరి మరణాలు తగ్గాయా? లేదు, పెరిగాయి. 1855 ఫిబ్రవరి నాటికి ఆ ఆసుపత్రిలో చేరినవారిలో నూటికి 42 మందికి పైగా చనిపోతున్నారు. వారిలో ఎక్కువమంది తూటా దెబ్బలతో పోలేదు. విరేచనాలు, కలరా, టైఫస్ లాంటి జ్వరాలతో పోయారు. ఆ శీతాకాలమంతా ఆమె, ఆ 38 మంది, తరువాత వచ్చి కలిసినవారు, నిద్ర మానుకొని పనిచేశారు. వారి ప్రేమను అనుమానించడానికి ఏమీ లేదు. కాని ఆ పెద్ద భవనం కింద మురుగు కాలువలు పూడిపోయి కుళ్ళుతున్నాయి. గాలి వార్డులలోకి ఆ దుర్గంధాన్నే తెస్తోంది. తాగే నీరు కలుషితం. పడకలు ఒకదానినొకటి తాకేంత దగ్గరగా ఉన్నాయి. తల నిమిరే చెయ్యి ఎంత మృదువైనదైనా, నీళ్ళలో ఉన్న చావును అది ఆపలేదు.

1855 మార్చిలో ఇంగ్లండు నుండి శానిటరీ కమిషన్ వచ్చింది. డాక్టర్ జాన్ సదర్లాండ్, ఇంజనీరు రాబర్ట్ రాలిన్సన్ దానిలో ముఖ్యులు. వారు కాలువలు తవ్వించి కడిగించారు, జంతువుల కళేబరాలు తీసి పాతిపెట్టించారు, గోడలకు సున్నం వేయించారు, గాలి ఆడేలా చేశారు, నీటి దారి శుభ్రం చేశారు. జూన్ నాటికి మరణాలు నూటికి 2 దగ్గరకు పడిపోయాయి. చలి తగ్గడం, ఆసుపత్రిలో రద్దీ తగ్గడం కూడా దీనికి తోడ్పడ్డాయని చరిత్రకారులు చెబుతారు, అది న్యాయమైన మాటే. అయినా ఇంత తేడాకు అవి మాత్రమే కారణమని చెప్పలేము.

ఆ సమయంలో నైటింగేల్‌కే దీని అర్థం పూర్తిగా తెలియలేదు. సైనికులు ఆకలితో, చలితో, ఆలస్యంగా తమ దగ్గరకు చేరడమే చావులకు కారణమని ఆమె అనుకునేది. 1856లో ఇంగ్లండు తిరిగి వెళ్ళాక విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కలిసి కూర్చుంది. ఆసుపత్రుల వారీగా, నెలల వారీగా మరణాల లెక్క తీశారు. యుద్ధభూమి దగ్గరి డేరా ఆసుపత్రుల కంటే, నర్సులూ వంటశాలా దుప్పట్లూ ఉన్న స్కుటారిలోనే ఎక్కువమంది చనిపోయారని ఆ అంకెలు చూపించాయి. ఆ సత్యం ఆమెను ఎంత కుంగదీసిందో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆమె మాత్రం అంకెలను దాచలేదు. పైవారు ఆ నివేదికను బయట పెట్టకపోతే తన సొంత ఖర్చుతో అచ్చు వేయించి పంచింది. అంకెలు చదవని పెద్దలకు కూడా అర్థం కావాలని, గుండ్రని బొమ్మలో రంగులు వేసి చూపించింది. ఆపదగిన రోగాలతో పోయినవారికి నీలం, గాయాలతో పోయినవారికి ఎరుపు, ఇతర కారణాలకు నలుపు. నీలం రంగు మిగతా రెండింటినీ మింగేసింది. 1858లో బ్రిటన్‌లోని గణాంక శాస్త్ర సంఘం ఆమెను సభ్యురాలిగా చేర్చుకుంది. ఆ సంఘంలో అంతకు ముందు స్త్రీలు ఎవరూ లేరు.

ప్రియులారా, తాను ప్రేమతో చేసిన పనిని లెక్క ముందు నిలబెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. మనం చేసిన సేవను గురించి సాక్ష్యాలు చెప్పుకుంటాము గాని, దాని ఫలితాన్ని కొలవమంటే నొచ్చుకుంటాము. సమస్తమును పరీక్షించమని, మేలైనదానిని పట్టుకోమని పౌలు థెస్సలొనీకయులకు రాశాడు. ఆ మాటను మనం బోధల విషయంలోనే వాడుకుంటాము. నైటింగేల్ దానిని మురుగు కాలువ విషయంలో, పడకల మధ్య దూరం విషయంలో చేసి చూపించింది.

ఆమె పేరిట ప్రజలు పోగుచేసిన నిధితో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల ప్రారంభమైంది. ఒక సంవత్సరం శిక్షణ. వార్డు సిస్టరు దగ్గర పని నేర్చుకోవాలి, డాక్టర్ల పాఠాలు వినాలి, చూసినది రాసుకోవాలి. రోగిని చూడటం అనేది కంటికి సహజంగా వచ్చే విద్య కాదని, అది నేర్పవలసినదని ఆమె పట్టుబట్టింది. రోగి నిద్రపోయాడా, ఎంత తిన్నాడు, మలం ఎలా ఉంది, ఒళ్ళు ఏ వేళకు చల్లబడింది, ఇవన్నీ గమనించి సరిగ్గా చెప్పగలగాలి. "బాగానే ఉన్నాడండీ" అనే జవాబు ఆమెకు గిట్టదు. (మన ఇళ్ళలో రోగిని చూసి వచ్చినవారు చెప్పేది సరిగ్గా ఆ మాటే!) ఆమె అన్ని విషయాలలోనూ సరి కాదు. సూక్ష్మక్రిముల సంగతి ఒప్పుకోవడానికి ఆమెకు చాలా కాలం పట్టింది. నర్సులకు ప్రభుత్వ పరీక్ష, రిజిస్ట్రేషన్ ఉండాలని ఇతరులు కోరినప్పుడు, గుణాన్ని పరీక్షలో కొలవలేమని ఆమె అడ్డుపడింది. ఈ రెండో విషయంలో కాలం ఆమె పక్షాన నిలబడలేదు. 1901లో న్యూజిలాండ్, 1919లో బ్రిటన్ నర్సుల రిజిస్ట్రేషన్ చట్టాలు చేశాయి. మన మద్రాసు రాష్ట్రంలో అలాంటి చట్టం 1926లో వచ్చింది.

మన దేశానికీ ఆమెకూ సంబంధం ఉంది. ఆమె ఎన్నడూ ఇండియాలో అడుగు పెట్టలేదు. కాని ఇక్కడి బ్రిటిష్ సైన్యంలో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863 నాటి రాయల్ కమిషన్ నివేదిక బయటపెట్టినప్పుడు, దాని వెనుక ఆమె పని ఉంది. ఇక్కడి కంటోన్మెంట్లకు ప్రశ్నల పత్రాలు పంపి, నీరు ఎక్కడిది, మురుగు ఎటు పోతుంది అని అడిగి జవాబులు తెప్పించింది. ఆమె పాఠశాల తెరిచిన కొన్నేళ్ళకే, 1871లో, మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే.

తెలుగు నేలమీద ఈ కథ గుంటూరులో మనకు బాగా కనబడుతుంది. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ డాక్టరు 1883లో అక్కడికి వచ్చింది. విచిత్రమేమంటే, ఆమెను పంపినవారు ఆమెను మొదట డాక్టరుగా పంపలేదు. స్త్రీల మధ్య బోధన కోసమని పంపారు, వైద్య పరిచర్యకు అనుమతి తరువాత వచ్చింది. ఆమె మందుల పెట్టె మాత్రం వెంట తెచ్చుకుంది. 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. గుంటూరువారు ఈనాటికీ దానిని కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు. అమెరికా నుండి శిక్షణ పొందిన నర్సులు ఆమెకు తోడుగా వచ్చారు, ఇక్కడి అమ్మాయిలకు పని నేర్పారు. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ అమ్మాయిలు ఎవరు? పై కులాల ఇళ్ళవారు తమ ఆడపిల్లలను ఈ పనికి పంపేవారు కాదు. పరాయివారి ఒంటిని ముట్టుకోవడం, మలమూత్రాలు ఎత్తడం, రక్తం తుడవడం అంటరాని పనులుగా ఎంచబడేవి. గనుక తెలుగు జిల్లాల మిషన్ ఆసుపత్రులలో నర్సులైనవారిలో చాలామంది, ఊరికి అవతల ఉంచబడిన పేటల నుండి క్రైస్తవ్యంలోకి వచ్చిన కుటుంబాల బిడ్డలు. ఏ చేతుల నీళ్ళు ఊరివారు తాగేవారు కాదో, ఆ చేతులే ఊరివారి పసికందులను మొదట ఎత్తుకున్నాయి. ఇది మన సంఘాల చరిత్రలో ఎంతో ఘనమైన పేజీ. అయితే దీనికి ఒక చేదు కొస కూడా ఉంది. చేసేవారిని చూసి పనిని తక్కువ చేశారు, పనిని చూసి చేసేవారిని మళ్ళీ తక్కువ చేశారు. "నర్సమ్మ" అనే పిలుపులో గౌరవం ఎంత, చులకన ఎంత అన్నది పలికే గొంతును బట్టి ఉంటుంది. ఇది మీరూ విని ఉంటారు.

ఆ చిన్నచూపుకు మందు చదువే అని మిషన్ నర్సులు త్వరగా గ్రహించారు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో వేర్వేరు మిషన్ల ఆసుపత్రులు కలిసి ఉమ్మడి పరీక్షా బోర్డులు పెట్టుకున్నాయి. ఒక్కో ఆసుపత్రి తనకు తోచినట్టు నేర్పితే చాలదు, ఒకే పాఠ్యక్రమం, ఒకే పరీక్ష ఉండాలి అన్నారు. వేలూరులో ఐడా స్కడర్ 1909లో నర్సుల పాఠశాల పెట్టింది. వైద్య పాఠశాల తెరిచింది 1918లో, అంటే నర్సుల పాఠశాల తరువాత తొమ్మిదేళ్ళకు! చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుండి వేలూరుకు రైలెక్కని కుటుంబం మన సంఘాలలో అరుదు గనుక, ఈ వరుస గుర్తుంచుకోదగినది. 1946లో ఆ వేలూరులోను, ఢిల్లీలోను నర్సింగ్ డిగ్రీ చదువు మన దేశంలో మొదలైంది. అదే సంవత్సరం భోర్ కమిటీ నివేదిక వచ్చింది. దేశమంతటికీ ఉన్న నర్సులు సుమారు 7,000 మంది, అంటే 43,000 మంది ప్రజలకు ఒక నర్సు అని అది లెక్క చెప్పింది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. చదువుకు ఒక స్థిరమైన కొలత ఏర్పడింది.

చదువు వచ్చింది సరే, పరిశోధన సంగతి ఏమిటి? నర్సింగ్‌లో పరిశోధన ఏముంటుంది అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. మందులను పరీక్షిస్తారు, ఆపరేషన్లను పరీక్షిస్తారు, పక్క దులపడాన్ని ఏం పరీక్షిస్తారు అని. 1952లో అమెరికాలో నర్సింగ్ పరిశోధనకే ఒక పత్రిక మొదలైంది. 1964లో లియో సిమన్స్, వర్జీనియా హెండర్సన్ అప్పటి వరకు జరిగిన పరిశోధనలన్నిటినీ సమీక్షించి చూస్తే, ఎక్కువ భాగం నర్సులను గురించే ఉన్నాయి. వారి స్వభావం, వారి చదువు, వారు ఉద్యోగం ఎందుకు మానుతున్నారు అన్నవే. రోగికి ఏ విధమైన సేవ చేస్తే మేలు కలుగుతుంది అన్న ప్రశ్నను అడిగినవి చాలా తక్కువ.

ఆ ప్రశ్నను అడిగినవారిలో డోరీన్ నార్టన్ ఒకరు. ఆమె ఇంగ్లండులో వృద్ధుల వార్డులలో పనిచేసిన నర్సు. మంచాన పడినవారికి నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయని మీకు తెలుసు. ఎన్నో ఇళ్ళలో ముసలివారి చివరి బాధ అదే. ఆ రోజుల్లో ఆసుపత్రులలో ఒక్కో సిస్టరు ఒక్కో వైద్యం చేసేది. ఒకరు స్పిరిట్ రుద్దేవారు, ఒకరు నూనె, ఒకరు కోడిగుడ్డు తెల్లసొన. అందరూ ప్రేమతోనే రుద్దేవారు! నార్టన్, ఆమె సహచరులు రోగులను ఒక్కొక్కరిగా రోజూ చూసి రాసుకున్నారు. 1962లో ఫలితాలు ప్రచురించారు. ఏమి రుద్దారన్నది కాదు, ఎంత తరచుగా ఒత్తిడి తప్పించారన్నదే ముఖ్యమని తేలింది. రోగిని రెండేసి గంటలకు ఒకసారి ప్రక్కకు తిప్పడం, తిప్పిన వేళను కాగితం మీద రాయడం, ఇంతే. పుండ్లలో చాలా భాగం ఆసుపత్రిలో చేరిన మొదటి రెండు వారాలలోనే పడుతున్నాయని కూడా తెలిసింది. అంటే ఇంకా బాగానే ఉన్నాడులే అని మనం అనుకునే రోజులలోనే.

ఎవరికి ప్రమాదం ఎక్కువో ముందే తెలుసుకోవడానికి ఆమె ఒక కొలబద్ద తయారు చేసింది. ఒంటి స్థితి, మనసు స్థితి, లేచి తిరగడం, పడకలో కదలడం, మలమూత్రాల మీద పట్టు, ఈ అయిదింటికీ ఒక్కొక్కదానికి 1 నుండి 4 వరకు మార్కులు. మొత్తం 14 గాని అంతకు తక్కువ గాని వస్తే ఆ రోగిని విడవకుండా చూడాలి. ఆమె తరువాత ఇంకా మెరుగైన కొలబద్దలు, పరుపులు వచ్చాయి. తిప్పే వ్యవధి ఒక్కో రోగికి ఒక్కో విధంగా ఉండవచ్చని ఈనాటి వైద్యం చెబుతుంది. అయినా మీ ఇంట్లో ఎవరైనా మంచాన ఉంటే, పౌడరు డబ్బా కంటే ముందు గడియారం, ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి.

ఇంకొక పరిశోధన చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అది మన జేబును తాకుతుంది. లిండా ఐకెన్ అనే నర్సు, ఆచార్యురాలు, పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులలో ఆపరేషన్ అయిన రెండు లక్షల ముప్పై వేలకు పైగా రోగుల వివరాలు తీసింది. ఆ ఆసుపత్రుల నర్సులు పదివేలమందికి పైగా ఆమె ప్రశ్నలకు జవాబిచ్చారు. 2002లో ఫలితం వెలువడింది. ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒక్కటి పెరిగితే, 30 రోజుల లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోంది. 2014లో యూరప్‌లోని తొమ్మిది దేశాలలో 300 ఆసుపత్రులను ఇలాగే చూశారు. అక్కడా అదే 7 శాతం! దానితోపాటు, డిగ్రీ చదివిన నర్సుల పాలు 10 శాతం పెరిగిన చోట మరణాల అవకాశం 7 శాతం తక్కువగా ఉంది. ఇవి సంబంధాన్ని చూపే అంకెలు, ప్రయోగం చేసి నిరూపించినవి కావు అని జాగ్రత్తగా చెప్పాలి. మన దేశపు ఆసుపత్రులు వాటిలో లేవు. అయినా రెండు ఖండాలలో, వేర్వేరు వైద్య వ్యవస్థలలో ఒకే మాట వినబడితే, విననట్టు ఉండటం శుశ్రూష కాదు.

ఇప్పుడు మన దగ్గరకు రండి. మంచి సమరయుని ఉపమానంలో మనం తరచుగా దాటిపోయే మనిషి ఒకడున్నాడు. సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు, అంటే గాయానికి ఏమి చేయాలో అతనికి తెలుసు. మరునాడు వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆ గాయపడినవానిని చూసుకున్నది ఎవరు? పూటకూళ్ళవాడు. అతనికి రెండు దేనారములు ముందుగా ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని మాట ఇచ్చాడు. నీకు పరలోకంలో ఫలముంది గనుక ఊరకనే చూడు అని సమరయుడు అతనితో అనలేదు.

2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్ర ప్రభుత్వం నియమించిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో సైతం నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. సంఘాల పేరుతో, మిషన్ల పేరుతో నడిచే ఆసుపత్రులు కూడా ప్రైవేటు ఆసుపత్రులే. వాటి కమిటీలలో కూర్చునేవారు పాస్టర్లు, సంఘ పెద్దలు, అంటే మనమే. "సేవాభావం ఉండాలమ్మా" అనే మాట ఆ కమిటీ గదులలో జీతం అడిగిన అమ్మాయికి జవాబుగా రాకూడదు. కైజర్స్‌వెర్త్‌లో సేవాభావానికి లోటు లేదు, స్కుటారిలోనూ లేదు.

గనుక ఈసారి మే నెలలో శాలువా కప్పండి, వద్దనను. కప్పేముందు మీ సంఘంలోని నర్సును పక్కకు పిలిచి ఒక ప్రశ్న అడగండి. నిన్న రాత్రి నీ వార్డులో రోగులు ఎంతమంది, నీతోపాటు డ్యూటీలో ఉన్న నర్సులు ఎంతమంది? ఆమె చెప్పిన రెండు అంకెలను కాగితం మీద రాసుకోండి. మీరు గాని, మీకు తెలిసినవారు గాని ఏదైనా ఆసుపత్రి కమిటీలో ఉంటే, ఆ కాగితాన్ని తరువాతి మీటింగుకు తీసుకువెళ్ళండి.